ఎర్ర లైటు వెలిగేదాకా

రోజుకి పద్దెనిమిది నోళ్లు చూస్తాను. డాక్టర్ని కాను, పళ్ల ఆసుపత్రిలో గార తీసే మనిషిని. కుర్చీ వెనక్కి వాల్చి, లైటు కిందికి లాగి, గార గీకి, నోరు పుక్కిలించమని, చివర్లో బొమ్మ పళ్ల సెట్టు చేతిలో పట్టుకుని అందరికీ ఒకే పాఠం చెబుతాను. కరెంటు బ్రష్ వాడేవాళ్లకి ఇంకో నాలుగు మాటలు ఎక్కువ. "మెత్తగా పట్టుకోండి, పిడికిలి బిగించకండి. నొక్కకండి. రుద్దకండి, రుద్దే పని అదే చేసుకుంటుంది. పంటి మీద ఆనించి, రెండు మూడు సెకన్లు ఉంచి, పక్క పంటికి జరపండి. ఎర్ర లైటు వెలిగితే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం, చెయ్యి వదులు చెయ్యండి. రెండు నిమిషాలు కాగానే చాలించండి." పదకొండేళ్లుగా ఇదే పాఠం. నిద్రలో లేపి అడిగినా ఒక్క మాట పొల్లుపోకుండా చెబుతాను.

అలాంటిదాన్ని నడి ఆసుపత్రిలో నిలబెట్టి మా అన్నయ్య నా పరువు తీస్తే నాకెంత మండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అన్నయ్య లిఫ్టులు రిపేరు చేస్తాడు. లోకంలో ఉన్న మెషీన్లన్నీ తన చేతిలోంచే పుట్టాయని అతని నమ్మకం. ఆ మంగళవారం పదిన్నరకి నాన్నని వెంటబెట్టుకుని వచ్చి, రిసెప్షన్ బల్ల ముందు నిలబడి, కుర్చీల్లో ఉన్న ఏడుగురూ వినేలా గొంతు చించుకున్నాడు.

"మా చెల్లెల్ని పిలవండి. వాళ్ల నాన్న నోరు ఏం చేసి పెట్టిందో వచ్చి చూసుకోమనండి."

వాళ్ల నాన్నట. తనకేమీ కానట్టు. గ్లౌజులు ఊడదీసుకుంటూ బయటికి వచ్చాను.

"అన్నయ్యా, లోపలికొచ్చి మాట్లాడు."

"ఎందుకూ? అందర్నీ విననీ. నోట్లో మోటారు పెట్టుకుని తిప్పుకోమంటే పళ్లు వదులవక ఏమవుతాయే? నిమిషానికి వేలసార్లు ఊగుతుందట అది. అలా ఊగితే లిఫ్టు బోల్టులే ఊడి చేతికొస్తాయి. పన్నెంత?"

అప్పుడే మా దగ్గర కరెంటు బ్రష్ తీసుకుని డబ్బా ఒళ్లో పెట్టుకున్న ఒక పెద్దావిడ, ఆ డబ్బాని పక్క కుర్చీలోకి జరిపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పన్నంటే బోల్టు కాదనీ, సరిగ్గా వాడితే మామూలు బ్రష్ కన్నా అది పాచి కాస్త ఎక్కువే తీస్తుందనీ, చిగుళ్లకి మంచే గానీ చెడు చెయ్యదనీ, నొక్కితే మాత్రం ఏ బ్రష్ అయినా పాడు చేస్తుందనీ చెప్పాలని నోరు తెరిచాను. అన్నయ్య వినే రకమైతే కదా.

నాన్న మాత్రం తలుపు దగ్గరే నిలబడి మా హాలు నేల వంక చూస్తున్నాడు. నలభై ఏళ్లు రాతి నేలలకి పాలిష్ పట్టిన మనిషి. ఎక్కడికి వెళ్లినా ముందు నేలని పలకరించి తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. ఆయన్ని అందరూ పాలిష్ మేస్త్రి అంటారు. మెషీన్ తిప్పడం మానేసి ఆరేళ్లయినా, ఎక్కడైనా పెద్ద హాలు పని పూర్తయితే సైటు వాళ్లు ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, కుడిచేతి మూడు వేళ్లతో నేలని నిమిరి "అయింది" అంటే అయినట్టు. "కాలేదు" అంటే మళ్లీ మెషీన్ దించాల్సిందే.

పెద్ద డాక్టరమ్మ నాన్నని కుర్చీలో పడుకోబెట్టి చూసింది. ఎడమవైపు పైన వెనక పళ్లు నాన్నకి ఎప్పుడో పోయాయి. వాటి జాగాలో పెట్టుడు పళ్లున్నాయి, వాటిని కోరపన్నుకి తగిలించిన ఒక కొక్కెం పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు ఆ కోరపన్ను చిగురు మూడు మిల్లీమీటర్లు పైకి జరిగిపోయింది. పంటి మెడ దగ్గర ఆకురాయితో గీసినట్టు గాడి పడింది. డాక్టరమ్మ రెండు పనిముట్ల మధ్య పట్టుకుని కదిపితే కదిలింది.

"ఇది పోతే పెట్టుడు పళ్లకి పట్టు పోయినట్టే," అంది. "పక్కవి ఆ బరువు మొయ్యలేవు. ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. ఇక అన్నీ మెదిపి తినాల్సిందే మేస్త్రి గారూ."

వేయించిన పల్లీలు జేబులో లేకుండా నాన్న గడప దాటగా నేను చూడలేదు. ఆయన చెయ్యి ఆ జేబు మీదికి వెళ్లి ఆగింది.

"ఇప్పుడే పీకను," అంది డాక్టరమ్మ. "ఆరు వారాలు చూస్తాను. రుద్దడం ఆగి, చిగురు ఇంకా పైకి పోకుండా ఉంటే గాడి పూడ్చి పన్ను ఉంచేద్దాం. లేదంటే తీసెయ్యడమే." తర్వాత నాన్న కార్డు తీసింది. మా దగ్గర ప్రతి పేషెంటుకీ ఒక అట్టకార్డు ఉంటుంది. కింద ఒక వరసలో "బ్రష్ చేసే పద్ధతి చూపించాను" అని అచ్చువేసి, పక్కన చిన్న గడి ఉంటుంది. నాన్న కార్డులో మూడు తేదీలు, మూడు గడుల్లోనూ నీలి సిరాతో నా టిక్కులు.

"మూడుసార్లు చూపించింది మీ అమ్మాయి. మూడుసార్లూ వినకపోతే ఎలా చెప్పండి?" అంది నాన్నతో.

నేను చూపించలేదు. ఒక్కసారి కూడా.

పద్నాలుగు నెలల కిందట నాన్న పళ్లు చూసి నేనే భయపడ్డాను. మామూలు బ్రష్‌తో తోముకునేవాడు, పళ్ల వెనక పాచి పేరుకుపోయి, ముట్టుకుంటే చిగుళ్లు నెత్తురోడేవి. ఒక ఆదివారం కరెంటు బ్రష్ తెచ్చి చేతిలో పెట్టి, "లోపల కాగితం ఉంది, చదువుకో నాన్నా," అన్నాను. నాకు బస్సు టైమైంది. ఆ కాగితంలో తొమ్మిది భాషలున్నాయి, మనది లేదు. మూడు నెలలకి నెత్తురు ఆగింది, పాచి పోయింది, నేను అందరితోనూ గొప్పగా చెప్పుకున్నాను. ఆ తర్వాత ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా నాన్న ఆ రోజుకి నా పద్దెనిమిదో నోరు. నడుం విరిగిపోతూ ఉండేది. నాన్నే కదా, ఇంటికెళ్లి చెప్పొచ్చులే అనుకుని గార తీసి, అలవాటుగా టిక్కు పెట్టేదాన్ని.

ఇప్పుడు నోరు విప్పాల్సింది నేను. నాన్న పై లైటు వంకే చూస్తూ అన్నాడు:

"తప్పు నాదేనమ్మా డాక్టరమ్మా. పిల్ల చెప్పింది. నేనే వినిపించుకోలేదు."

ఆ క్షణాన నాన్న మీద వచ్చినంత కోపం అన్నయ్య మీద కూడా రాలేదు నాకు. ఎవరడిగారు ఆయన్ని? నా మీద పల్లెత్తు మాట పడకుండా ఆయన అడ్డం పడుకుంటే, నేను ఆ అడ్డం వెనక దాక్కున్నాను. దాక్కుని, పైగా గొంతు పెంచాను కూడా. ఆ బ్రష్ మెషీన్ ఆపొద్దు డాక్టరమ్మా, ఈ ఆరు వారాలూ నేను దగ్గరుండి చేయిస్తాను, నాది పూచీ అన్నాను.

"చెయ్యి, చెయ్యి," అన్నాడు అన్నయ్య. "పన్ను ఊడితే దండలో గుచ్చుకుని మెళ్లో వేసుకుందువు గాని."

మర్నాడు పొద్దున ఆరున్నరకి అన్నయ్య ఇంటికి వెళ్లాను. నాన్న ఉండేది అక్కడే, మూడో అంతస్తులో. లిఫ్టు చెడిపోయి మూడు వారాలైందట. లిఫ్టులు బాగుచేసే మనిషి ఉన్న బిల్డింగులో మెట్లెక్కుతూ, ఒక్కో మెట్టుకీ అన్నయ్యని ఒక్కో మాట తిట్టుకున్నాను. అతను అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు.

"నేను లేననుకుని రోజూ ఎలా తోముకుంటావో అలాగే తోముకో," అన్నాను నాన్నతో. బాత్రూమ్ గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

నాన్న కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. బ్రష్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. పాలిష్ మెషీన్ హ్యాండిల్‌కి అలాగే ఎదురు నిలబడేవాడు, చిన్నప్పుడు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి ఎన్నిసార్లు చూశానో. బ్రష్ తలని కోరపన్ను మీద పెట్టి, ఒళ్లంతా ముందుకి వంచి నొక్కి, అప్పుడు మీట నొక్కాడు. గొంతు పట్టేసినట్టు మూలిగింది మెషీన్. మెడ చుట్టూ ఎర్ర లైటు వెలిగింది. అది చూసి తృప్తిగా తలాడించి, ఇక అటూ ఇటూ పట్టాలు పట్టాలుగా రుద్దడం మొదలుపెట్టాడు, ఒక పట్టా సగం మీదికి ఇంకో పట్టా వచ్చేలా. రెండు నిమిషాలకి మెషీన్ దానంతట అదే ఆగింది. నాన్న కళ్లు మూసుకుని, కుడిచేతి వేళ్లు నోట్లో పెట్టుకుని పళ్లు నిమిరాడు. ఊహూ అని తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టాడు.

నాలుగుసార్లు. నాలుగుసార్లు ఆగింది, నాలుగుసార్లు వేళ్లతో చూసుకున్నాడు, మళ్లీ మీట నొక్కాడు. ఐదోసారి నేను వెళ్లి చేతిలోంచి లాక్కున్నాను. బ్రష్ తల మార్చి రెండు వారాలు కాలేదట, కుచ్చంతా నాలుగువైపులా విచ్చుకుపోయి ఉంది.

"ఎర్ర లైటు కనబడ్డంలేదా నీకు?"

"కనబడుతోంది కదే. వెలిగేదాకా నొక్కుతూనే ఉన్నాగా."

"అది ఆపమని నాన్నా! ఎక్కువ నొక్కుతున్నావు, ఆపవయ్యా మహానుభావా అని!"

నాన్న ఆ బ్రష్ వంక, నా వంక చూశాడు. "ఆపమనా?" అన్నాడు. "మా మెషీన్‌కి ఎర్ర బుడ్డి ఉండేది. కింది సానరాయి నేలని పట్టుకుంటే వెలుగుతుంది. వెలగకపోతే రాయి ఊరికే పైన జారుతున్నట్టు, పని జరగనట్టు. నేను అలాంటిదే అనుకున్నా."

"అయితే నాలుగుసార్లు ఎందుకు? రెండు నిమిషాలకి ఆగిపోతుందిగా!"

"ఆగిపోతే? నున్నగా రాకుండా ఎలా వదుల్తా?"

చెయ్యి కడుక్కుని వచ్చి నా వేలితో ఆయన పళ్లు చూశాను. గాజు. అంతకన్నా నున్నగా ఏ నోరూ ఉండదు. ఆ మాటే చెప్పాను. నాన్న మొండిగా తలూపాడు. మళ్లీ వేళ్లు పెట్టి చూసుకుని, "లేదే, ఏం తెలీడంలేదు," అన్నాడు.

తెలీడంలేదు. నున్నగా లేదని కాదు అన్నది. నేను నోళ్లు చూసే మనిషిని. నోట్లో గాడి చూశాను, చిగురు చూశాను, మిల్లీమీటర్లు కొలిచాను. చెయ్యి ఎవరు చూశారు? నా కోటుకి ఉన్న పిన్నీసు తీశాను.

"కళ్లు మూసుకో. చెయ్యి ఇలా పెట్టు. గుచ్చినప్పుడు చెప్పు."

కళ్లు మూసుకున్నాడు. చూపుడువేలు గుచ్చాను. నడిమివేలు గుచ్చాను. ఉంగరంవేలు కూడా.

"ఊఁ, గుచ్చవే. ఎంతసేపు?" అన్నాడు నాన్న.

మూడు వేళ్ల మీదా మూడు నెత్తురు చుక్కలు నిలిచి ఉన్నాయి.

ఇక నావన్నీ కేకలే. "ఎన్నాళ్ల నుంచి? ఎవరికి చెప్పావు? ఏ డాక్టరుకి చూపించావు? మేమంతా చచ్చామనుకున్నావా?" అని ఆ చిన్న బాత్రూమ్ అదిరిపోయేలా అరిచాను. నాన్న కుళాయి కింద వేళ్లు పెట్టి నెత్తురు కడుక్కున్నాడు.

"ఆరేళ్లు దాటింది," అన్నాడు. "మెషీన్ ఆపేసి ఇంటికొచ్చినా దాని అదురు చేతుల్లో ఆడుతూనే ఉండేది ముందు. కంచం పట్టుకున్నా ఆడేది. కొన్నాళ్లకి ఆగింది. హమ్మయ్య అనుకున్నా. ఆగింది అదురు కాదు, నాకు తెలియడం ఆగింది."

"అందుకే మెషీన్ మానేశావా?"

"ఊఁ."

"అందుకే మామూలు బ్రష్‌తో పాచి పోయేది కాదు."

"సన్నగా ఉంటుందే అది. చేతిలో ఉందో జారిపోయిందో తెలిసేది కాదు. నువ్విచ్చింది లావుగా ఉంది, పట్టుకోవడానికి బాగుంది. మంచి వస్తువే."

మంచి వస్తువే అట. నాకు గోడకి తల బాదుకోవాలనిపించింది. ఈ మనిషికి సరైన వస్తువునే తెచ్చి, ఎందుకు సరైనదో తెలుసుకోకుండా ఇచ్చి, ఎలా వాడాలో చెప్పకుండా వదిలేశాను. అప్పుడు ఇంకో సంగతి తట్టింది.

"మరి నేలలు? పోయిన నెల కూడా వెళ్లావుగా, ఆ పెద్ద హాలుకి. వేళ్లతో ఏం చూస్తున్నావు అక్కడ?"

నాన్న కుళాయి కట్టేశాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"అందరి ముందూ వేళ్లతోనే చూస్తా," అన్నాడు చివరికి. "అంతకుముందే ఓ గంట ముందు వెళ్తా. ఎవరూ లేకుండా చూసి చెంప ఆనిస్తా."

"ఏంటీ?"

"నేలకి. చెంప ఆనిస్తే తెలుస్తుంది. ఇంకా తెలుస్తోంది."

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, తలుపులు కూడా పెట్టని హాళ్లలో, దుమ్ములో బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించి ఒక్కో రాయీ చూసుకుంటూ పాకడం నా కళ్లకి కట్టింది. అయ్యో అనాలి నేను. అనలేదు. అంత తెలివి ఉన్నవాడివి పళ్ల దగ్గరికొచ్చేసరికి ఏమైంది, నోట్లో నాలుక లేదా నీకు, నాలుకతో చూసుకోవచ్చుగా అని అరిచాను.

"నాలుకతోనా? ఛీ," అన్నాడు. "పని ఎవరైనా వేలితో చూస్తారు గానీ."

ఆ పూట వెళ్లేముందు నా చేత మాట తీసుకున్నాడు, వేళ్ల సంగతి ఎవరికీ చెప్పొద్దని. ముఖ్యంగా అన్నయ్యకి. సైటు వాళ్ల ఫోన్లు వచ్చేది అన్నయ్యకే, నాన్నని బండి మీద దింపేది అతనే. "వాడికి తెలిస్తే ఆ రోజే అందరికీ చెప్పేస్తాడు. పాలిష్ మేస్త్రి వేళ్లు చచ్చిపోయాయంటే నేనింకేం మేస్త్రినే?" అన్నాడు. నా టిక్కుల సంగతి ఆయన దాచాడు కదా. ఆయన వేళ్ల సంగతి నేను దాచాను. ఇద్దరం దొంగలమే.

ఆ ఆరు వారాలూ రోజూ పొద్దున మూడు అంతస్తులెక్కాను. కొత్త తల పెట్టాను. ఒక్క చేత్తో పట్టుకోమన్నాను. నా బొటనవేలు ఆయన బొటనవేలి మీద పెట్టి, ఇంతే నాన్నా, ఇంతే బరువు, ముఖం మీద వాలిన ఈగని తోలినంతే అని చెప్పాను. బరువు ఆయనకి తెలీదు. అందుకని కంటికి అప్పగించాం. అద్దం ముందు నిలబడాలి, ఎర్ర లైటు వెలిగితే ఓడిపోయినట్టు. మొదటి వారమంతా ఓడిపోతూనే ఉన్నాడు, నేను తిడుతూనే ఉన్నాను. "నొక్కకపోతే పని చేసినట్టే ఉండదే," అని ఆయన గొణుగుడు. "నీ పని కాదు, దాని పని," అని నా అరుపు. రెండు నిమిషాలవగానే చేతులు వెనక్కి పెట్టుకోమనేదాన్ని, వేళ్లు నోట్లోకి పోకుండా. "నాలుకతో చూడు." ముఖం చిట్లించుకుని పైవరసంతా నాలుకతో తడుముకునేవాడు. మూడో వారంలో ఒకరోజు చిట్లించిన ముఖం అలాగే ఆగిపోయింది. "అయిందే," అన్నాడు ఆశ్చర్యంగా. "ఒక్కసారికే అయింది."

అన్నయ్య ఎదురైన రోజుల్లో పన్ను ఇంకా ఉందా అని అడిగేవాడు. పంటి బిగువున ఊరుకునేదాన్ని. నాన్న నోరు నేను పాడుచేశానని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. మా పిన్ని ఫోన్‌లో, "నువ్వు మంచికే ఇచ్చుంటావులేమ్మా," అని ఓదార్చింది. ఆ ఓదార్పు తిట్టు కన్నా ఘోరంగా తగిలింది.

ఆరో వారం మంగళవారం. నాన్న కుర్చీలో, అన్నయ్య గోడ పక్కన, నేను పళ్లెం పట్టుకుని డాక్టరమ్మ పక్కన. ఆమె కొలిచింది. మూడు మిల్లీమీటర్లే, ఒక్క గీత కూడా పైకి జరగలేదు. నెత్తురు లేదు. కదిపి చూసి, "ఇదివరకంత కదలడం లేదు," అంది. "ఉంచేద్దాం. గాడి ఇవాళే పూడ్చేస్తాను."

ఊపిరి పీల్చుకోబోతున్నాను. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"పన్ను ఉంచుతున్నారు సరే డాక్టరమ్మా. ఆ మెషీన్ మాత్రం మాన్పించండి. మా చెల్లెలు రోజూ వచ్చి నెత్తి మీద కూర్చుంది కాబట్టి సరిపోయింది. రేపట్నుంచి ఎవరు కూర్చుంటారు?"

"అదీ నిజమే," అంది డాక్టరమ్మ. "మూడుసార్లు చూపించినా నొక్కిన మనిషి మళ్లీ నొక్కడని ఏంటి? మెషీన్‌లో తప్పు లేదు, కానీ ఈయనకి వద్దు. మేస్త్రి గారూ, మెత్తటి మామూలు బ్రష్ వాడండి ఇకమీదట."

మామూలు బ్రష్ ఆ వేళ్లలో నిలవదు. ఆరు నెలలు తిరిగేసరికి మళ్లీ పాచి, మళ్లీ నెత్తురు. ఏడాదిలో ఈ కోరపన్ను నేనే పళ్లెంలోకి అందుకోవాలి. ఎందుకు నిలవదో చెప్పడానికి మాట ఇచ్చి ఉన్నాను. నా దగ్గర చెప్పుకోవడానికి మిగిలింది నా సంగతి ఒక్కటే.

"ఆయన మాట వినకపోవడం కాదు డాక్టరమ్మా," అన్నాను. "నేను చూపించలేదు. ఆ మూడు టిక్కులూ అబద్ధం. డబ్బా చేతిలో పెట్టి వెళ్లిపోయాను, అంతే. చూపించాక ఈ ఆరు వారాల్లో ఒక్క గీత కూడా జరగలేదు, మీరే కొలిచారు."

డాక్టరమ్మ ముసుగు కిందికి లాగింది. ఆమె ముఖం ఎర్రబడడం పదకొండేళ్లలో నేను చూసింది అదే మొదటిసారి.

"ఈ కార్డులు చూసే కదా నేను మందు రాసేది? ఇలాంటి టిక్కులు ఇంకెన్ని పెట్టావు? ఎంతమందికి?"

"ఒక్కరికే," అన్నాను. అది నిజం. ముక్కూ ముఖం తెలియని వాళ్లందరికీ ఓపిగ్గా చూపించాను. ఎగ్గొట్టింది నాన్న ఒక్కడికే. నిజమైనందుకే ఆ మాట బయటికి వచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

"చూశారా, నేను చెబితే..." అని అన్నయ్య మొదలుపెట్టాడు.

"నువ్వు నోర్ముయ్‌రా," అన్నాడు నాన్న.

కుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. నా పళ్లెంలో పేషెంట్లకి చూపించే మామూలు బ్రష్ ఒకటి ఉంటే తీసుకున్నాడు. పళ్ల దగ్గరికి తీసుకెళ్లి రెండుసార్లు ఆడించాడో లేదో, అది వేళ్లలోంచి జారి నేల మీద పడింది. పడ్డ సంగతి ఆయనకి చప్పుడు విన్నాకే తెలిసింది. అప్పటిదాకా ఖాళీ వేళ్లు నోటి ముందు ఆడుతూనే ఉన్నాయి.

"ఇదీ సంగతి డాక్టరమ్మా," అన్నాడు. "ఈ మూడు వేళ్లూ చచ్చిపోయాయి, ఎడమచేతివీ అంతే. ఆరేళ్లయింది. పాలిష్ మెషీన్ కొట్టీ కొట్టీ పోయాయి. నేను ఎంత నొక్కుతున్నానో నాకు తెలీదు, పళ్లు నున్నగా వచ్చాయో లేదో తెలీదు. పిల్ల చూపించలేదన్నది నిజమే. నేను చెప్పలేదన్నదీ నిజమే. నాకు ఆ లావు బ్రష్షే కావాలి. దీన్ని పట్టుకోలేను."

అన్నయ్య వంగి కింద పడ్డ బ్రష్ తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"మరి నేలలు..." అన్నాడు మెల్లగా. "శుక్రవారం రమ్మన్నారు కదా నిన్ను. కొత్త హాలు చూడమని."

"ఫోన్ చేసి చెప్పెయ్. పాలిష్ మేస్త్రి ఇక రాడని చెప్పు." నాన్న మళ్లీ వెనక్కి వాలాడు. "కానివ్వండమ్మా, పూడ్చండి."

ఆ గొంతులో ఏమీ లేదు. ఆరేళ్లు బోర్లా పడుకుని కాపాడుకున్న పేరుని ఒక పన్ను కోసం, కాదు, నా మూడు టిక్కుల పక్కన నేను ఒంటరిగా నిలబడకుండా ఉండడం కోసం, అలా కింద పెట్టేశాడు. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆయన నలభై ఏళ్లు తిప్పిన ఆ పాడు మెషీన్ మీద, అది చేతుల్ని తినేస్తుందని ఒక్కడూ చెప్పనందుకు అది ఇచ్చిన వాళ్ల మీద. ఎలా వాడాలో చెప్పకుండా మెషీన్ చేతిలో పెట్టి పొమ్మన్న వాళ్లు ఆయన బతుకులో నాకన్నా ముందే ఒకరున్నారు. నేను రెండోదాన్ని.

డాక్టరమ్మ గాడి పూడ్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు, చెయ్యి చాపితే నేను పనిముట్టు అందించాను. అయ్యాక పాత టిక్కుల మూడింటి మీదా ఎర్రగీత కొట్టి, లావు బ్రష్షే వాడమని కింద రాసి, నరాల డాక్టరుకి ఒక చీటీ రాసి అన్నయ్య చేతికిచ్చి, కార్డు నా ముందుకి తోసి వెళ్లిపోయింది. ఆ రోజు తేదీ పక్కన గడి ఖాళీగా ఉంది.

నేను దాని వంక చూస్తూ నిలబడ్డాను. నాన్న కొత్తగా పూడ్చిన చోట నాలుకతో తడుముకుని, "అయింది," అన్నాడు, సైటులో అన్నట్టే. తర్వాత నా వంక చూశాడు.

"టిక్కు పెట్టవే. ఈసారి చూపించావుగా."

పెన్ను తీసి గడి మీద పెట్టాను. ఎంత నొక్కానో నాకు తెలీదు, కార్డు చిరిగింది.